కాళ్ళు కనపడని దడి

రెండేళ్ళ కిందటి వరకు మా అవ్వ తెల్లవారుజామున నాలుగున్నరకే స్నానం చేసేది. కారణం రోడ్డు.

మాది ఉదయగిరికీ ఆత్మకూరుకీ మధ్య ఒక చిన్న పల్లె. ఇంటి వెనక పెరడు, పెరట్లో బోరు, దాని పక్కన సిమెంటు తొట్టి, ఒక బండ. బట్టలు ఉతకడం, అంట్లు తోమడం, తలంట్లు అన్నీ అక్కడే. ఇంట్లో బాత్‌రూమ్ ఉంది. కానీ ఆ నున్నటి టైల్స్ మీద జారి పడతానని అవ్వకి భయం. అందుకే ఆమె స్నానం ఎప్పుడూ తొట్టి దగ్గరే. ఒకప్పుడు ఆ తొట్టి చుట్టూ తాటాకు దడి ఉండేది. దాన్ని చెదలు తినేశాయి, కొత్తది కట్టే మనిషి ఊళ్ళో దొరకలేదు. తర్వాత రోడ్డు వెడల్పు చేశారు. మట్టి పోసి ఎత్తు కూడా పెంచారు. ఇప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చున్న ఎవరికైనా మా పెరడు మొత్తం కనిపిస్తుంది. మొదటి బస్సు రాకముందే అవ్వ స్నానం అయిపోవాలి కాబట్టి అమ్మ నాలుగింటికి లేచి నీళ్ళు కాచేది. మార్గశిరం చలిలో కూడా.

గోడ కడదామని నాన్న మేస్త్రిని అడిగితే ఆయన చెప్పిన లెక్క నా సెమిస్టర్ ఫీజు దాటిపోయింది. అప్పుడు నేను హీరోలా "మొక్కలతో దడి పెంచుదాం, ఆ పని నాది" అన్నాను. ఈ వ్యాసం ఆ పనిలో నేను నేర్చుకున్న పాఠం. ముందు తప్పు చేసి నేర్చుకున్నాను కాబట్టి తప్పుతోనే మొదలుపెడతాను. మన కాలేజీలో చాలామందివి పల్లెటూరి ఇళ్ళే. ఎవరో ఒకరికి పనికొస్తుందని నా ఆశ.

ముందు మాటల గురించి కొంచెం

సాహిత్య క్లబ్ పత్రిక కదా, మాటల దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. నాకు "హెడ్జ్" అనే మాట తెలుసు కానీ మా ఇంట్లో దానికి ఎన్ని మాటలు ఉన్నాయో తెలీదు. ఆకులతోనో పుల్లలతోనో కట్టేది దడి. చేను చుట్టూ వేసేది కంచె. కొట్టి తెచ్చిన ముళ్ళ కొమ్మలు కంప. బతికున్న మొక్కలతో పెంచేదాన్ని వ్యవసాయ పుస్తకాల్లో సజీవ కంచె అంటారు.

వీటన్నిటి కన్నా నన్ను ఆపేసిన మాట ఇంకోటి: వెలుగు. తెలుగు నిఘంటువు తీసి చూడండి. వెలుగు అంటే కాంతి అని ఉంటుంది, కంచె అని కూడా ఉంటుంది. అవ్వ "వెలుగు దాటి గొర్రెలు వచ్చినాయి" అంటే నేను చిన్నప్పుడు ఏదో లైటు గురించి అనుకునేదాన్ని. ఈ రెండు అర్థాలూ ఒకే చోట కలవడం నేను మొక్కల దగ్గర చూశాను. అది కత్తెర దగ్గరికి వచ్చినప్పుడు చెప్తాను.

మొదటి ప్రయత్నం: మూడు తప్పులు

2023 మే. ఇంటర్ పరీక్షలు అయిపోయాయి, చేతినిండా టైమ్ ఉంది. ఒక నర్సరీకి వెళ్ళి "త్వరగా పెరిగేది, ఎప్పుడూ పచ్చగా ఉండేది" అని అడిగాను. ఆయన కోనోకార్పస్ ఇచ్చాడు. మోకాలెత్తు మొక్కలు 27. రోడ్డు వైపు సరిహద్దు పొడవు 40 అడుగులు. అడుగున్నరకి ఒకటి చొప్పున ఒకే వరసలో నాటేశాను.

మొదటి తప్పు కాలం. మా వైపు మే నెలలో 43, 44 డిగ్రీలు మామూలు. రోహిణీ కార్తెలో నేల పెనంలా ఉంటుంది. కొత్తగా నాటిన మొక్కకి వేళ్ళు ఇంకా కుండీ మట్టి దాటి బయటికి రావు. ఆకులేమో నీళ్ళు వదిలేస్తూ ఉంటాయి. 27లో 16 ఎండిపోయాయి.

రెండో తప్పు ముట్టుకోకపోవడం. బతికిన 11 మొక్కలకి రోజూ నీళ్ళు పోశాను. ఎత్తు పెరగాలి కదా అని ఒక్క ఆకు కూడా తుంచలేదు. దసరాకి వచ్చేసరికి అవి నా ఎత్తు అయ్యాయి. పైన గుబురు, కింద ఉత్త కాడలు. తలకిందులుగా పెట్టిన చీపుళ్ళ వరసలా ఉంది. ఆ కాడల మధ్య నుంచి తొట్టి, బండ, అన్నీ శుభ్రంగా కనిపిస్తున్నాయి. అవ్వ వచ్చి చూసి ఒకే మాట అంది: "కాళ్ళు కనపడతా ఉండే చెట్టు దడి ఎట్టవుతాదమ్మే?"

మూడో తప్పు మొక్క ఎంపిక. దాని గురించి కాసేపట్లో.

అసలు ఈ మూడింటికీ వెనక ఒక పెద్ద తప్పు ఉంది. నేను దడి అంటే ఎత్తు అనుకున్నాను. దడి అంటే ముందు అడుగు భాగం. కింది నుంచి దట్టంగా రావాలి, ఎత్తు తర్వాత వస్తుంది. ఇక్కడి నుంచి ఈ వ్యాసంలో నేను చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే.

ఎంత ఎత్తు కావాలి? ఎక్కడ కావాలి?

రెండోసారి మొదలుపెట్టే ముందు టేపు పట్టుకుని కొలిచాను. పదో తరగతి సరూప త్రిభుజాలు గుర్తున్నాయా? అంతకన్నా పెద్ద గణితం ఏమీ అక్కర్లేదు.

రోడ్డు మా పెరటి కన్నా రెండున్నర అడుగులు ఎత్తులో ఉంది. బస్సులో కూర్చున్న మనిషి కళ్ళు రోడ్డుకి 7 అడుగుల పైన ఉంటాయి అనుకుందాం. అంటే మా పెరటి నేల నుంచి 9.5 అడుగులు. తొట్టి దగ్గర నిలబడ్డ మనిషి ఎత్తు 5 అడుగులు. బస్సు నుంచి తొట్టికి దూరం సుమారు 40 అడుగులు. మా సరిహద్దు సరిగ్గా మధ్యలో, 20 అడుగుల దగ్గర ఉంది.

కంటి నుంచి తొట్టి దగ్గరున్న మనిషి తల దాకా ఒక గీత గీయండి. దడి ఆ గీతని తాకితే చాలు. సూత్రం ఇది: కంటి ఎత్తులోంచి, కంటి ఎత్తుకీ మనిషి ఎత్తుకీ ఉన్న తేడాలో కొంత వాటా తీసేయాలి. ఆ వాటా ఎంతంటే, కంటి నుంచి దడికి ఉన్న దూరాన్ని కంటి నుంచి మనిషికి ఉన్న దూరంతో భాగిస్తే వచ్చేంత.

దడి సరిహద్దులో ఉంటే: 9.5 − 4.5 × (20 ÷ 40) = 7.25 అడుగులు.
దడి తొట్టికి 5 అడుగుల దగ్గర ఉంటే: 9.5 − 4.5 × (35 ÷ 40) = సుమారు 5.6 అడుగులు.

చూశారా? అదే బస్సు, అదే మనిషి. దడిని తొట్టి దగ్గరికి జరిపితే అడుగున్నర పైన ఎత్తు తగ్గిపోయింది. పొడవు కూడా తగ్గింది. సరిహద్దు మొత్తం 40 అడుగులు మూయక్కర్లేదు. తొట్టికి రోడ్డు వైపు 12 అడుగులు, పక్కన 8 అడుగులు, ఇంగ్లీషు ఎల్ అక్షరంలా 20 అడుగులు చాలు. సగం మొక్కలు, సగం నీళ్ళు, సగం పని. రోడ్డు మీద నడిచేవాళ్ళ లెక్క కూడా వేశాను. అది ఇంకా తక్కువ వచ్చింది, కాబట్టి బస్సుకి సరిపోతే వాళ్ళకీ సరిపోతుంది.

ఆ ఎల్ గీతని ముగ్గుతో నేల మీద గీస్తుంటే కాలికి ఒక మొద్దు తగిలింది. పాత తాటాకు దడికి పాతిన గుంజ. కొంచెం మట్టి తీస్తే వరసగా ఇంకో రెండు. మా తాత ఎప్పుడో వేసిన దడి దాదాపు నా లెక్క వచ్చిన చోటే ఉండేది. ఆయనకి సరూప త్రిభుజాలు రావు. కానీ మనిషిని దాచాలంటే మనిషి దగ్గర దడి ఉండాలని తెలుసు. నేను ఇంటి హద్దుని దాచడానికి చూశాను.

ఏ మొక్క?

ముందు కోనోకార్పస్ సంగతి. ఆఫ్రికా, అరేబియా తీరాల వైపు నుంచి వచ్చిన చెట్టు. బాగా పెరుగుతుంది, పచ్చగా ఉంటుంది, అందుకే రోడ్ల మధ్య డివైడర్ల మీద, లేఅవుట్లలో ఎక్కడ చూసినా అదే. కానీ వేళ్ళు దూరం పోయి పైపుల్ని, డ్రైనేజీని పాడు చేస్తాయనీ, పూల పుప్పొడి వల్ల జలుబు, ఆయాసం, అలర్జీ వస్తాయనీ గట్టి ఫిర్యాదులు ఉన్నాయి. గుజరాత్ ప్రభుత్వం 2023లో, తమిళనాడు ప్రభుత్వం 2025లో దీన్ని నాటొద్దని ఉత్తర్వులు ఇచ్చాయి. మా బోరుకి పది అడుగుల దూరంలో అలాంటి వేళ్ళు నాకు వద్దనిపించింది. మిగిలిన 11 కూడా పీకేశాను.

"త్వరగా పెరిగేది" అని అడిగితే ఏమవుతుందో మన జిల్లాల చరిత్రలోనే ఉంది. సర్కారు తుమ్మ తెలుసు కదా, మన చెరువు గట్లన్నీ ఆక్రమించిన ముళ్ళ చెట్టు. దాని సొంత ఊరు అమెరికా ఖండం. 1877లో జమైకా నుంచి తెప్పించిన విత్తనాలతో, పక్కనే ఉన్న కడప జిల్లా కమలాపురంలో నాటారు. వంటచెరకుకి, బీడు నేలలకి పనికొస్తుందని మంచి ఉద్దేశంతోనే తెచ్చారు. ఇప్పుడు దాన్ని తీయడానికి జేసీబీలు కావాలి. నాగజెముడు కథ కూడా అంతే. దాన్నీ కంచెలకి వాడారు, తర్వాత అది పొలాల్లోకి పాకింది. చివరికి 1920ల్లో ఒక పురుగుని తెచ్చి వదిలితే గానీ దక్షిణాదిలో అదుపులోకి రాలేదు. కంచే చేను మేయడం అంటే ఇదే.

అందుకే ఈసారి ప్రశ్న మార్చాను. మా నేల ఎర్ర గరుసు నేల. ఆత్మకూరు వైపు సోమశిల నీళ్ళు పారే పొలాలు ఉన్నాయి కానీ ఉదయగిరి వైపు వచ్చేకొద్దీ అంతా మెట్ట. ఇక్కడ ఎండకి తట్టుకుని, కోస్తే మళ్ళీ చిగురించి, గొర్రెలూ మేకలూ సులువుగా మేయలేని మొక్క ఏది? అవ్వనీ, గొర్రెలు కాసే ఒక తాతనీ అడిగాను. నాలుగు పేర్లు వచ్చాయి.

గోరింటాకు: కొమ్మ గుచ్చితే బతుకుతుంది. ఎన్నిసార్లు కోసినా చిగురిస్తుంది. రాజస్థాన్‌లో సోజత్ చుట్టూ గోరింటాకు పొలాల్లో ఏటేటా మొక్కని నేల దగ్గరికి కోసేస్తారు, మళ్ళీ వస్తుంది. ఒక లోపం ఉంది. మరీ నీళ్ళు లేకపోతే ఎండాకాలం కొంత ఆకు రాలుస్తుంది. కొంచెం తడి తగిలితే నిలబడుతుంది.

వాక్కాయ: ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది. గట్టి ముళ్ళు, తుంచితే పాలు. మేక కూడా ఆలోచిస్తుంది. పప్పులోకి, పచ్చడిలోకి కాయలు. మొదటి రెండేళ్ళు మెల్లగా పెరుగుతుంది, అదొక్కటే ఇబ్బంది. దీని అడవి చుట్టం కలివి పొద. కలివికోడి అనే పిట్ట పేరు విన్నారా? ఈ పొదల పేరే దానికి వచ్చింది. 1848లో జెర్డన్ అనే డాక్టరు దాన్ని లోకానికి పరిచయం చేశాడు. ఆ తర్వాత ఇక అంతరించిపోయింది అనుకుంటే 1986లో కడప జిల్లాలో మళ్ళీ కనిపించింది. మన వైపు ముళ్ళ పొదల్ని "పిచ్చి మొక్కలు" అనేముందు ఈ పిట్టని గుర్తు చేసుకోవాలి.

బందారు: డోడోనియా అని శాస్త్రీయ నామం. ఎండు కొండల మీద దానంతట అదే పెరుగుతుంది. ఆకు జిగురుగా మెరుస్తుంది, పశువులు పెద్దగా ముట్టవు. అసలు నీళ్ళు లేని చోట దడికి ఇదే మంచిది. విత్తనం పైపొర గట్టిగా ఉంటుంది కాబట్టి వేడినీళ్ళలో కాసేపు ఉంచి చల్లాలి.

నందివర్ధనం: అందంగా ఉంటుంది, పూజకి పూలు. కానీ పై మూడింటి కన్నా నీళ్ళు ఎక్కువ కావాలి.

గన్నేరు కూడా పచ్చగా, దట్టంగా వస్తుంది కానీ అన్ని భాగాలూ విషం. గొడ్లు, పిల్లలు తిరిగే పెరట్లో వద్దు.

నేను రెండు తీసుకున్నాను. బయటి వరస వాక్కాయ, లోపలి వరస గోరింటాకు. ముళ్ళు రోడ్డు వైపు, మెత్తటి ఆకు అవ్వ వైపు.

ఎప్పుడు, ఎలా నాటాలి

పుస్తకాలన్నీ "జూన్, జులైలో నాటండి" అంటాయి. అది నైరుతి వానలు బాగా పడే చోట్లకి. నెల్లూరు జిల్లా అలా కాదు. మా జిల్లా వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో, ఈశాన్య రుతుపవనాలకి పడుతుంది. జూన్‌లో నాటితే రెండు జల్లులు చూసి మళ్ళీ ఎండ చూస్తుంది. అక్టోబరులో నాటితే మూడు నెలల తడి, తర్వాత చల్లటి జనవరి, ఫిబ్రవరి. వేసవి వచ్చేలోపు వేళ్ళు లోపలికి దిగడానికి ఐదారు నెలలు దొరుకుతాయి. మీది తెలంగాణో ఉత్తరాంధ్రో అయితే మీకు జూన్, జులైయే సరి. మీ ఊరి వాన చూసి నాటండి.

అంతకు ముందే ఆగస్టులో అమ్మ పక్కింటి గోరింట చెట్టు నుంచి పెన్సిలంత లావు కొమ్మలు జానెడు పొడవున కత్తిరించి, అడుగున చిల్లులు పెట్టిన పాల కవర్లలో గుచ్చి నీడలో ఉంచింది. తన వంటకని పాతికదాకా పెట్టింది, పదిహేను బతికాయి. (కోనోకార్పస్ మీద నమ్మకం అమ్మకి ముందే పోయిందని నాకు తర్వాత తెలిసింది.) వాక్కాయ మొక్కలు పది కొన్నాం.

కందకం అడుగున్నర లోతు, రెండున్నర అడుగుల వెడల్పు. తీసిన మట్టిలో మూడో వంతు బాగా మాగిన పశువుల ఎరువు, కొంచెం వేప పిండి కలిపి మళ్ళీ నింపాం. ఎరువు పచ్చిది వేస్తే ఎర్ర నేలలో చెదలు వస్తాయి. రెండు వరసల మధ్య అడుగున్నర. వరసలో మొక్కకీ మొక్కకీ రెండడుగులు. బయటి వరసలో రెండు మొక్కల మధ్య ఖాళీ ఎక్కడ ఉందో లోపలి వరసలో మొక్క అక్కడ రావాలి. సినిమా హాల్లో సీట్లు వేసినట్టు. ఒక వరస సందుని ఇంకో వరస మూస్తుంది. 20 అడుగులకి అటు పది, ఇటు పది.

మొదళ్ళ చుట్టూ వేరుశనగ పొట్టు నాలుగు వేళ్ళ మందం పరిచాం. ఎండ నేలని తాకదు, తడి ఆరదు. మొదలుకి మాత్రం ఆనకూడదు, కుళ్ళుతుంది. వాన లేని రోజుల్లో మొక్కకి రెండు లీటర్లు. ఇరవై మొక్కలకి 40 లీటర్లు, అంటే మూడు బిందెల లోపే. వేసవిలో రెండు రోజులకి ఒకసారి. దానికీ బోరు వేయక్కర్లేకుండా తొట్టి నుంచి కందకానికి చిన్న కాలువ తీశాం. స్నానం నీళ్ళు అటు పోతాయి. సర్ఫు నీళ్ళు మాత్రం పోనివ్వం, అందులో ఉప్పులు మొక్కకి మంచివి కావు.

బతికే దడికి చచ్చిన దడి కాపలా

మొదటి ఏడాది గొర్రెల నుంచి కాపాడటానికి చుట్టూ సర్కారు తుమ్మ కంప వేశాం. ఇది నా ఐడియా అని మురిసిపోయాను. తర్వాత చదివితే దీన్ని దేశం మొత్తం మీద పెద్ద ఎత్తున చేసిన మనిషి ఒకడు ఉన్నాడు.

బ్రిటిష్ వాళ్ళు ఉప్పు పన్ను ఎగ్గొట్టకుండా ఉత్తరాన సింధు నది వైపు నుంచి తూర్పున మహానది వైపు దాకా వేల మైళ్ళ కాపలా గీత పెట్టారు. మొదట ఎండు కంప వేశారు. మైలుకి సుమారు 250 టన్నుల కంప పట్టేది. చెదలు, గాలి, నిప్పు, అన్నీ దానికి శత్రువులే. 1867లో ఆ శాఖకి కమిషనర్‌గా వచ్చిన ఏ.ఓ. హ్యూమ్, బతికున్న మొక్కలతో కంచె పెంచడం మీద పడ్డాడు. నేల బాగాలేని చోట కందకం తవ్వి మంచి మట్టి పోయించాడు. రేగు, తుమ్మ, వాక్కాయ, నాగజెముడు, జెముడు. ఏ నేలకి ఏది వస్తే అది. పచ్చ కంచె ఎదిగే వరకు ఎండు కంచె నిలబడేది. కొన్ని చోట్ల అది 12 అడుగుల ఎత్తు, 14 అడుగుల మందం అయింది. 1879లో ఆ గీతని ఎత్తేశారు. తర్వాత జనం ఎంత మర్చిపోయారంటే రాయ్ మాక్సమ్ అనే ఆయన దాని ఆనవాళ్ళు వెతుక్కుంటూ తిరిగి 2001లో ఒక పుస్తకమే రాశాడు. ఆ హ్యూమే 1885లో కాంగ్రెస్ పార్టీ స్థాపకుల్లో ఒకడు.

పేదవాడికి ఉప్పు అందకుండా చేసిన కంచె అది. దాని ఉద్దేశాన్ని మెచ్చుకోలేం. కానీ మొక్కలు మాత్రం అదే పాఠం చెప్తాయి: నేల సిద్ధం చేయి, నేలకి తగ్గ మొక్క పెట్టు, ఎదిగేదాకా కాపాడు.

కత్తెర పాఠం

ఇప్పుడు అసలు విషయం. నాటిన ఆరు వారాలకి, నవంబరు చివర్లో, మోకాలెత్తుకి వచ్చిన గోరింట మొక్కల్ని నేల నుంచి జానెడు ఎత్తులో కోసేశాను. అమ్మ "అయ్యో, చక్కగా పెరుగుతుంటే!" అంది. నాకూ చెయ్యి వణికింది.

ఎందుకు కోయాలి? కొమ్మ చివర ఉండే మొగ్గ ఆక్సిన్ అనే హార్మోన్ తయారు చేసి కిందికి పంపుతుంది. అది వస్తున్నంతసేపు కింద ఆకుల పక్కన ఉన్న మొగ్గలు నిద్రపోతాయి. 1933లో థీమన్, స్కూగ్ అనే ఇద్దరు చిక్కుడు జాతి మొక్క కొన కోసి, ఆ కోసిన చోట ఆక్సిన్ పెట్టి చూశారు. కొన లేకపోయినా పక్క మొగ్గలు లేవలేదు. ఆక్సిన్ పెట్టకపోతే లేచాయి. కొనని తీసేయడం అంటే పక్క మొగ్గలకి పర్మిషన్ ఇవ్వడం అన్నమాట.

గోరింట, వాక్కాయ, నందివర్ధనం మొక్కల్లో ఆకులు జంటలుగా ఎదురెదురుగా వస్తాయి. ఒక జంట పైన కోస్తే ఆ రెండు ఆకుల దగ్గర నుంచీ రెండు కొమ్మలు వస్తాయి. మన సీఎస్ఈ వాళ్ళకి ఇది వేరే చెప్పాలా? బైనరీ ట్రీ. ఒక కోతకి 2, రెండు కోతలకి 4, ఐదు కోతలకి 32 కొనలు. నిజం మొక్క అంత పద్ధతిగా ఉండదు. కొన్ని మొగ్గలు లేవవు, కొన్నిసార్లు ఇంకా కింద నుంచి కూడా చిగురిస్తుంది. కానీ లెక్క దిశ అదే. కోయకపోతే ఎన్నేళ్ళయినా మొక్క లింక్డ్ లిస్ట్‌లాగే ఉంటుంది. మా కోనోకార్పస్ లాగా.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. మొదటి కోత ఎక్కడ పడుతుందో, మొదటి పెద్ద చీలిక అక్కడే వస్తుంది. నడుము ఎత్తులో కోస్తే నడుము దాకా కాళ్ళే. అందుకే మొదటిది జానెడు ఎత్తులో. తర్వాత ప్రతిసారీ కొత్తగా పెరిగిన దాంట్లో సగం తీసేయాలి. జానెడు పెరిగితే అర జానెడు ఉంచాలి. రెండడుగులు ముందుకి, ఒకడుగు వెనక్కి.

కోతకి కాలం ఉంది. వాన ముందో, వాన మధ్యలోనో కోస్తే చిగురు వెంటనే వస్తుంది. మేము జులై జల్లులకి ఒకటి, సెప్టెంబరు చివర ఒకటి, డిసెంబరులో ఒకటి, ఫిబ్రవరిలో తేలిగ్గా ఒకటి చేస్తాం. ఏప్రిల్ నుంచి జూన్ దాకా కత్తెర ముట్టం. ఆ ఎండలో లేత చిగురు మాడిపోతుంది.

చివరిది ఆకారం. దడిని నిలువు గోడలా కోయకూడదు. కింద మూడడుగుల వెడల్పు, పైన రెండడుగులు, కొంచెం గోపురంలా కోయాలి. పైన వెడల్పయితే కింది ఆకులకి ఎండ తగలదు. ఎండ తగలని ఆకుని మొక్క ఊరికే పోషించదు, రాల్చేస్తుంది. మళ్ళీ కాళ్ళు కనపడతాయి. వెలుగు అడుగుదాకా దిగితేనే వెలుగు దట్టంగా ఉంటుంది. నేను మొదట్లో చెప్తానన్న సంగతి ఇదే. ఆ రెండు మాటలు నిఘంటువులో ఎలా కలిశాయో పండితులు చెప్పాలి. పెరట్లో మాత్రం ఇలా కలిశాయి.

ఓపిక

మొదటి ఏడాది చూపించడానికి ఏమీ ఉండదు. సెలవులకి వెళ్ళినప్పుడల్లా మోకాలెత్తు పొదలే. చుట్టాలు "ఇంకా ఇంతేనా?" అనేవారు. మా ఇంటి నుంచి ఉదయగిరి దుర్గం కొండ కనిపిస్తుంది. శ్రీకృష్ణదేవరాయలంతటి వాడు 1513లో ముట్టడి మొదలుపెడితే ఆ కోట చేతికి రావడానికి దాదాపు ఏడాదిన్నర పట్టింది. నేను ఇరవై మొక్కలతో తొందర పడటం ఏంటి అని సర్దిచెప్పుకునేదాన్ని.

రెండో ఏడాది వానలకి కథ మారింది. కింద కొమ్మలన్నీ ఒకదాంట్లోకి ఒకటి దూరి అల్లుకున్నాయి. ఎండు కంప తీసేశాం. ఇప్పుడు గోరింట వరస ఐదున్నర అడుగులు దాటింది. వాక్కాయ నాలుగడుగుల దగ్గర ఉంది, కానీ కింది సగాన్ని అదే మూస్తోంది. ఈ ఏడాది ఒక పూట పప్పుకి సరిపడా గుప్పెడు కాయలు కూడా ఇచ్చింది. ఒక మూల చెదలకి రెండు మొక్కలు పోతే అమ్మ మిగిల్చిన కవర్లలోవి పెట్టాం. ఆ సందు ఇంకా పూర్తిగా మూసుకోలేదు. ప్రస్తుతానికి అక్కడ ఒక పాత చీర కట్టి ఉంది.

మొన్న దసరాకి వెళ్ళాను. పొద్దున లేచేసరికి ఎనిమిదయింది, వంటింట్లో కాచిన నీళ్ళ వాసన లేదు. అమ్మని అడిగితే "ఇంకా ఎండ రాలేదు కదా, పదింటికి పోస్తాలే" అంది. పదింటికి అవ్వ తొట్టి దగ్గర పీట వేసుకుని కూర్చుంది. నేను వీపు రుద్దుతుంటే రోడ్డు మీద ఆత్మకూరు బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. అవ్వ తల కూడా తిప్పలేదు. "ఇంకొన్ని నీళ్ళు పొయ్యమ్మే" అంది.

మీ ఊళ్ళో దడికి ఏ మొక్క వాడతారు, దాన్ని ఏ పేరుతో పిలుస్తారు? క్లబ్ గ్రూప్‌లో రాయండి. ఆ మూల సందుకి నాకు ఇంకో రెండు మొక్కలు కావాలి.